క్రీడారంగమున జాతీయగీతము: పాడువానిదా, నిలిచియున్నవారిదా?

ఆటల పోటీలకు ముందు జాతీయగీతము పాడుట మన పాఠశాలలకు క్రొత్త గాదు. కామారెడ్డిలోనైనను, ఎల్లారెడ్డిలోనైనను, చుట్టుపట్ల మండల కేంద్రములలోనైనను క్రీడోత్సవము జరుగు దినమున ఉదయము కనబడు దృశ్యము ఇంచుమించు ఒక్కటియే. మైదానమున సున్నపు గీతలు తెల్లగా మెరయుచుండును. కబడ్డీ జట్లు ఒకవైపు, ఖోఖో జట్లు ఒకవైపు బారులు తీరి నిలుచును. వ్యాయామోపాధ్యాయుడు ఈల యూదును, సద్దు అణగును. మైకు ముందునకు ఒక బాలికయో బాలుడో వచ్చి గొంతు సవరించుకొనును. తరువాతి 52 సెకనులు ఆ మైదానమున నున్నవారందరును ఒక్క గీతమునకు లోబడియుందురు.

ఆ పాడు పిల్లకు మంచి కంఠము కలదనుకొందము. సంగీతము కొంత నేర్చినది. టెలివిజనులో పాటల పోటీలు చూచినది. గాయనీగాయకులు ఒక్కొక్క అక్షరమును ఎన్ని మలుపులు త్రిప్పుదురో గమనించినది. నలుగురి యెదుట పాడు అవకాశము వచ్చినప్పుడు తానును రెండు గమకములు చేర్చి, ఒకచోట దీర్ఘము లాగి, కడపట స్థాయి పెంచి, తన ముద్ర వేయవలెనని ఉబలాటపడుట సహజము. ప్రక్కన నిలిచిన ఉపాధ్యాయుడేమి చేయవలెను? వారించినచో పిల్ల ఉత్సాహము నీరగును. ఊరకున్నచో జాతీయగీతమునకు లోపము చేసినట్లగునేమో యను శంక. ఈ సందేహము చిన్నదిగా గనబడును గాని, దీని వెనుక పెద్ద ప్రశ్న యొకటి కలదు. జాతీయగీతము పాడువానిదా, నిలిచియున్నవారిదా?

అమెరికాలో జరిగిన వాదము

ఈ ప్రశ్న మిక్కిలి తీవ్రముగా చర్చింపబడిన దేశము అమెరికా. అచ్చట పెద్ద ఆటలకు ముందు ఒక ప్రసిద్ధ గాయకుని పిలిచి జాతీయగీతము పాడించుట ఆచారము. 1968 అక్టోబరు 7న డెట్రాయిట్ నగరమున బేస్‌బాల్ ప్రపంచ పోటీలలో ఐదవ ఆటకు ముందు హోసే ఫెలిసియానో అను గాయకుడు గిటారు చేతబట్టి ఆ గీతమును పాడెను. ఆయన ప్యూర్టో రికోలో పుట్టినవాడు, పుట్టుకతోనే అంధుడు, అప్పటికి 23 సంవత్సరముల వయస్సు. ఆయన దానిని తనకు తెలిసిన జానపద, లాటిన్ ఫణితులలో, తీరికగా, తన మనస్సునకు తోచినట్లు పాడెను. దేశమున గొప్ప అలజడి పుట్టినది. కొన్ని రేడియో కేంద్రములు ఆయన పాటలను ప్రసారము చేయుట మానివేసినవి. తాను కృతజ్ఞతతో పాడితినే గాని అవమానింప దలచి పాడలేదని ఆయన చెప్పుకొనవలసివచ్చెను. కాలము గడచినకొలది జనుల మనస్సు మారినది. 2010లో అదే నగరమువారు ఆయనను మరల పిలిచి, అదే తీరున ఆ గీతమును పాడించుకొనిరి.

1991 జనవరి 27న టాంపా నగరమున విట్నీ హ్యూస్టన్ పాడినది మరియొక యుదాహరణము. అప్పుడు గల్ఫు యుద్ధము జరుగుచుండెను. మూడేసి మాత్రల నడకగల ఆ గీతమును ఆమె బృందము నాలుగేసి మాత్రల నడకకు మార్చినది. మన పరిభాషలో తిశ్రమును చతురశ్రము చేసినదన్నమాట. ఆ మార్పునకు ఆ దేశము ఆగ్రహింపలేదు, పరవశించినది. ఒకరి మార్పునకు శాపము, మరియొకరి మార్పునకు హారతి. దీనినిబట్టి అచ్చట నియమము స్థిరముగా లేదనియు, జనుల అభిరుచియే ధర్మాసనము నెక్కినదనియు తెలియుచున్నది.

అయితే అమెరికా గీతమునకు మన గీతమునకు ఒక భేదము కలదు. సంగీతోపాధ్యాయులు దానిని విద్యార్థులకు తప్పక చెప్పవలెను. 1931లో జాతీయగీతముగా శాసనము చేయబడిన ఆ పాట బాణీ పూర్వము ఇంగ్లండులోని ఒక వినోద సంఘమువారి గీతమునకు చెందినది. దాని వ్యాప్తి ఒక స్థాయిని దాటి మరి సగము వరకు పోవును. సామాన్యుని గొంతు ఆ యెత్తునకు అందదు. కాబట్టి జనులు పెదవులు కదలించి ఊరకుందురు. ఆ బరువు నెత్తుటకు సమర్థుడైన గాయకుడొకడు కావలసియుండును. మన జనగణమన అట్టిది గాదు. శంకరాభరణచ్ఛాయలో, ఇంచుమించు ఒక్క స్థాయిలో, సమమైన నడకతో సాగును. ఐదవ తరగతి బాలుడును, అరువదియేండ్ల అవ్వయు ఒకే శ్రుతిలో కలిసి పాడుటకు వీలగును. ఒక సమర్థుని అవసరము లేని గీతము మనకు లభించినది. ఇది మన భాగ్యమని చెప్పవలెను.

మదనపల్లెలో కుదిరిన బాణీ

ఈ భాగ్యమున తెలుగునేలకు పాలు కలదు. రవీంద్రనాథ ఠాకూరు రచించిన ఈ గీతము 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెసు మహాసభలో మొదటిసారి పాడబడెను. పిమ్మట ఏడేండ్లకు, 1919 ఫిబ్రవరిలో, రవీంద్రుడు దక్షిణదేశ సంచారమున మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు వచ్చి కొన్నిదినములు విశ్రమించెను. అప్పుడు ఆ కళాశాలకు అధ్యక్షులు జేమ్స్ కజిన్స్. ఆయన సతీమణి మార్గరెట్ కజిన్స్ ఐర్లండు దేశీయురాలు, సంగీతమున పట్టభద్రురాలు. ఒకనాటి రాత్రి విద్యార్థులు, అధ్యాపకులు కూడియున్న సభలో కవి తన గీతమును తానే పాడెను. విన్నవారు పల్లవి నందుకొని గొంతు కలిపిరి. ఫిబ్రవరి 28న కవి దానిని ఆంగ్లములోనికి అనువదించెను. మార్గరెట్ కజిన్స్ ఆ బాణీకి స్వరలిపి కూర్చెను. కళాశాలవారు ఆ గీతమును తమ ప్రాతఃకాల ప్రార్థనగా గైకొనిరి.

ఈ వృత్తాంతమును మనము గర్వముతో చెప్పుకొందుము. గర్వముతోబాటు ఇందలి పాఠమును కూడ గ్రహింపవలెను. పాడినవాడు సాక్షాత్తు గీతకర్త. ఆ పాటను ఎట్లు పాడినను ఆయనకు చెల్లును. ఆయన గొంతులోని విశేషములను అనుకరించుటకు గాని, వానికి తన విశేషములను చేర్చుటకు గాని మార్గరెట్ కజిన్స్ ప్రయత్నింపలేదు. ఒక కవి కంఠమున నున్న పాటను, విద్యార్థులందరును ప్రతిదినమును కలిసి పాడుకొనదగిన రూపమున కాగితముపై నిలిపినది. ఒకరి పాట అందరి పాట అగుటకు కావలసిన పని ఇదియే. ఆ పని జరిగినది ఒక విద్యాలయమున. చేసినది ఒక సంగీత విదుషి. మొదట అనుభవించినవారు విద్యార్థులు. క్రీడోత్సవమున మైకు ముందు నిలిచిన పిల్లకు ఉపాధ్యాయుడు చెప్పవలసిన మొదటి కథ ఇది.

ఆ తరువాత కూడ ఈ గీతము అనేక హస్తములు మారినది. 1942 సెప్టెంబరు 11న జర్మనీలోని హాంబర్గు నగరమున, సుభాష్ చంద్రబోసు సమక్షమున, వాద్యబృందమువారు దీనిని వాయించిరి. 1943లో ఆజాదు హింద్ ప్రభుత్వముకొరకు దీనికి హిందుస్తానీ రూపము కల్పించినవారిలో హైదరాబాదు వాస్తవ్యుడైన ఆబిద్ హసన్ సఫ్రానీ యొకరు. రామసింగ్ ఠాకురీ దానికి పటాలమునకు తగిన బిగువు నిచ్చెను. స్వాతంత్ర్యానంతరము హెర్బర్ట్ మరిల్ అను ఆంగ్ల సంగీతజ్ఞుడు పాశ్చాత్య వాద్యగోష్ఠికి అనుకూలముగా దానిని సమకూర్చెను. ఇంతమంది చేయివేసిన బాణీకి ఇప్పుడు మరియొకరు చేయివేసిన తప్పేమి యని స్వేచ్ఛావాదులు అడుగవచ్చును.

దీనికి సమాధానము కలదు. వారందరును 1950కి పూర్వము పనిచేసినవారు. అప్పటికి అది గీతము. ఇంకను జాతి ప్రతిజ్ఞ కాలేదు. అదియునుగాక వారి శ్రమయంతయు ఒక్క దిక్కునకే సాగినది: ఎక్కువమంది పాడుటకు, ఏ దేశపు వాద్యకారులైనను వాయించుటకు అనువగు రూపము సాధించుట. 1948 ఆగస్టు 25న రాజ్యాంగ సభలో జవాహర్‌లాల్ నెహ్రూ ఈ సంగతినే విశదీకరించెను. జాతీయగీతమున మాటలు ముఖ్యమే యైనను, విదేశములలో అది విశేషముగా వాద్యములపై వినబడును గనుక, బాణీ అంతకంటె ముఖ్యమని ఆయన వాదము.

చట్టము చెప్పునది, చెప్పనిది

1950 జనవరి 24న డాక్టరు రాజేంద్రప్రసాదు రాజ్యాంగ సభలో చేసిన ప్రకటనను చదివినవారికి ఒక సూక్ష్మము గోచరించును. జనగణమన యను పదములను మాత్రమే ఆయన జాతీయగీతమని చెప్పలేదు. పదములును సంగీతమును కలిసిన రచనను జాతీయగీతముగా ప్రకటించెను. మాటలలో అవసరమగు మార్పులు చేయు అధికారమును ప్రభుత్వమునకు విడిచెను. కాబట్టి మాటలను యథాతథముగా ఉంచి బాణీని మాత్రము మార్చితిననువాడు, గీతములో సగమును మార్చినాడనియే గ్రహింపవలెను.

మాటల విషయమున మన న్యాయస్థానములు చూపిన నిలుకడ గమనింపదగినది. సింధుదేశము ఇప్పుడు భారతదేశమున లేదు గనుక ఆ పేరు తొలగింపవలెనని ఒకరు సుప్రీము కోర్టు నాశ్రయించిరి. 2005లో ఆ కోరికను కోర్టు త్రోసిపుచ్చినది. జాతీయగీతము దేశపటము కాదు, కాలానుసారముగా గీతలు చెరిపి వ్రాయుటకు. భూగోళము మారినను మారని గీతమును, ఒక పూట పాడు గాయకుని ముచ్చటకొరకు మార్చుట యుక్తమా?

అయితే బెదరింపులతో ఈ వాదమును గెలువబూనుట తగదు. 1971 నాటి జాతీయ గౌరవ పరిరక్షణ చట్టము, జాతీయగీతము పాడుటను బుద్ధిపూర్వకముగా అడ్డగించినవారికిని, పాడుచున్న సభలో అలజడి చేసినవారికిని మూడు సంవత్సరముల వరకు కారాగారము గాని, జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చుననుచున్నది. ప్రేమతో పాడుచు రెండు గమకములు చేర్చిన బాలిక ఈ మాటల క్రిందికి వచ్చునని ఎవరును అనరు. 2016 మార్చి 19న కలకత్తా ఈడెన్ మైదానమున భారత పాకిస్తాను క్రికెట్ ఆటకు ముందు అమితాబ్ బచ్చన్ జాతీయగీతము పాడినప్పుడు, నిర్ణీతమైన 52 సెకనులకంటె ఎక్కువ కాలము తీసికొన్నాడని ఫిర్యాదు జరిగినది. నిదానముగా, భక్తితో, వేలకొలది జనులతో కలిసి పాడినవానిమీద గడియారము పట్టుకొని నేరము మోపుట గౌరవరక్షణ యనిపించుకొనదు. ఇది మర్యాదకు సంబంధించిన విషయము. పోలీసు ఠాణాకు సంబంధించినది కాదు.

మర్యాదకు మార్గదర్శకములు కేంద్ర హోం మంత్రిత్వ శాఖ ఉత్తర్వులలో నున్నవి. పూర్తి గీతమునకు సుమారు 52 సెకనులు. మొదటి చివరి పంక్తులు మాత్రముగల సంక్షిప్త రూపమునకు సుమారు 20 సెకనులు. అన్నిటికంటె ముఖ్యమైనది మరియొకటి: గీతము పాడబడు సందర్భములందెల్ల పూర్తి రూపమును సామూహికముగా పాడవలెనని ఆ ఉత్తర్వుల ఆశయము. పాఠశాలలలో దినకార్యక్రమము సామూహిక గానముతో ఆరంభింపవచ్చుననియు చెప్పబడినది. ఒకడు పాడగా తక్కినవారు వినుట అను పద్ధతి మన ఉత్తర్వుల భావనకు దూరమైనది. మన జాతీయగీతమునకు శ్రోతలు లేరు, అందరును పాత్రధారులే.

స్వేచ్ఛావాదుల బలమైన మాట

ఎదుటి పక్షమువారి మాటను బలహీనపరచి ఖండించుట సులభము. అది న్యాయము గాదు. వారనునది ఇది. పాట యనునది పాడువాని ప్రాణము సోకినప్పుడే బ్రతుకును. యంత్రమువలె ప్రతిదినము వల్లించిన గీతము కొంతకాలమునకు ఎండిన ఆకగును. కళాకారుడు తన హృదయము కలిపి పాడినప్పుడు, అలవాటుపడిన చెవులు మరల మేల్కొనును. 2000 సంవత్సరమున, గణతంత్ర స్వర్ణోత్సవ సందర్భమున, ఎ. ఆర్. రహమాన్ కూర్చిన జనగణమనలో దేశపు మహాగాయకులు ఒక్కొక్క పాదమును తమ తమ బాణీలలో పాడిరి. మన మంగళంపల్లి బాలమురళీకృష్ణ, ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యము అందులో గొంతు కలిపినవారే. దానిని విని పులకింపనివారెవరు?

ఇంకను సమీపముననే ఉదాహరణములున్నవి. శంకరంబాడి సుందరాచారి రచించిన తెలుగుతల్లి గీతము టంగుటూరి సూర్యకుమారి కంఠము ద్వారా ఇంటింటికి చేరినది. ఆమె గొంతు లేక ఆ పాటను తలచుకొనుట మనకు కష్టము. ఇక మన తెలంగాణ రాష్ట్రగీతము సంగతి. 2025 నవంబరులో కీర్తిశేషులైన అందెశ్రీ రచన ఉద్యమకాలమున ఎన్నో వేదికలపై, ఎన్నో గొంతులలో పాడబడినది. 2024 జూన్ 2న అది రాష్ట్రగీతముగా నెలకొల్పబడినప్పుడు కీరవాణి స్వరకల్పనతో వెలువడినది. స్వరకర్త ఎంపికపై తెలంగాణ సంగీతకారులు కొందరు అభ్యంతరము తెలిపిరి. పాటకు బాణీ ఎవరు కట్టవలెనను విషయమున జనులింత పట్టుదల వహించుటయే, బాణీ యనునది అప్రధానము కాదని సాక్ష్యమిచ్చుచున్నది.

స్వేచ్ఛావాదుల ఈ మాటలో సత్యము కలదు. ప్రాణములేని పాట పాట గాదు. కాని వారి యుదాహరణములు వేరొక దానిని నిరూపించుచున్నవి. రహమాన్ కూర్పు కచేరీ వంటిది. జనులు కూర్చుండి వినుటకు చేయబడినది. మైదానమున జనులు లేచి నిలుచునది పాడుటకు. వినుటకు చేసిన పాటలో గాయకుని స్వేచ్ఛ అలంకారము. కలిసి పాడు పాటలో అదే స్వేచ్ఛ అడ్డంకి.

మన సంగీతము నేర్పిన వివేకము

ఈ భేదమును గ్రహించుటకు మనము పరదేశపు సిద్ధాంతములను వెదకనక్కరలేదు. మన కర్ణాటక సంగీతమున కల్పిత సంగీతము, మనోధర్మ సంగీతము అని రెండు శాఖలున్నవి. వాగ్గేయకారుడు నిబంధించినదానిని నిబంధించినట్లు పాడుట మొదటిది. ఆలాపన, నెరవు, స్వరకల్పనలలో గాయకుడు తన ప్రతిభను ప్రకటించుట రెండవది. మనోధర్మము లేని విద్వాంసుని మనము విద్వాంసుడనము. అట్టి విద్వాంసులే తిరువయ్యారున త్యాగరాజస్వామి ఆరాధనకు చేరినప్పుడు ఏమి చేయుదురు? కావేరి యొడ్డున వరుసలుగా కూర్చుండి పంచరత్న కీర్తనలను ఒక్క గొంతుగా పాడుదురు. అచ్చట ఎంత ఘనుడును తన ప్రత్యేక సంగతి నొకటి వేసి తక్కినవారిని తడబడజేయడు. తన విద్యను ఒక గడియసేపు అందరి విద్యలో కలుపుటయే అచ్చట విద్యకు అలంకారము.

శాస్త్రీయ సంగీతము దూరమనుకొందుమేని బతుకమ్మ ఆటను చూతము. కామారెడ్డి, ఎల్లారెడ్డి పల్లెలలో బతుకమ్మ చుట్టు స్త్రీలు వలయముగా తిరుగుచు పాడునప్పుడు, ఒక పెద్దామె పాట అందించును, తక్కినవారు అందుకొందురు. అందించునామెకు వేయి పాటలు వచ్చియుండును. గొంతు గంటవలె నుండును. అయినను ఆమె చప్పట్ల లయను తప్పదు. లయ తప్పినచో అడుగు తప్పును, అడుగు తప్పినచో వలయము చెదరును. ఆమె నాయకత్వము ఎవరి గొంతును అణచుటకు కాదు, అందరి గొంతులను లేపుటకు. జాతీయగీతమునకు ముందు నిలిచిన పిల్ల స్థానమును నిర్ణయించుటకు ఇంతకంటె మంచి పోలిక దొరకదు. ఆ పిల్ల కచేరీ గాయని గాదు, పాట అందించునది.

పాడుచున్న పిల్ల ఒక అక్షరమును ఇష్టము వచ్చినంత సాగదీసినచో మైదానమున నేమి జరుగును? వెనుకనున్న ఐదువందల పిల్లలకు తరువాతి మాట ఎప్పుడు వచ్చునో తెలియదు. కొందరు ముందునకు పోదురు, కొందరు ఆగుదురు. మూడవ పాదమునకు వచ్చుసరికి అందరును నోరు మూసికొందురు. ఒక గొంతు మిగులును. అది ఎంత మధురమైనను, ఐదువందల గొంతులను పోగొట్టుకొని కొన్న మాధుర్యము. పోచారము కాలువక్రింద సేద్యము చేయు ఎల్లారెడ్డి ప్రాంతపు రైతునకు ఈ లెక్క బాగుగా తెలియును. కాలువ నీరు అందరిది. గట్టు తెంపి తన మడికి మలపుకొన్నవాని పైరు ఎంత పచ్చగానున్నను ఊరు దానిని చూచి సంతోషింపదు.

గొంతు వేరు, బాణీ వేరు

ఇట్లనుటచేత అందరి గొంతులను ఒక్క అచ్చులో పోయవలెనని మా భావము కాదు. వంగదేశీయుడు ఈ గీతములోని అకారములను ఒకారములుగా పలుకును. మనము మన తెలుగు పలుకుబడితో పలుకుదుము. తమిళుడు తన పలుకుబడితో పలుకును. తండాలనుండి వచ్చు లంబాడా బాలుని యుచ్చారణలో అతని తల్లిభాష ఛాయ వినబడును. ఇవి యెవ్వరును బుద్ధిపూర్వకముగా వేసిన ముద్రలు కావు. పుట్టిన నేల వేసిన ముద్రలు. వానిని సరిదిద్దబూని ఆ బాలుని నలుగురిలో చిన్నబుచ్చు ఉపాధ్యాయుడు, గమకములు వేసిన పిల్లకంటె పెద్ద తప్పు చేసినవాడగును. గీతము అతనిది కూడ అని చెప్పుటకే గదా ఆ 52 సెకనులు!

గొంతు లేనివారి మాటయు తలపవలెను. 1986 ఆగస్టు 11న సుప్రీము కోర్టు చెప్పిన తీర్పు ప్రతి ఉపాధ్యాయునకును తెలిసియుండదగినది. కేరళలో ముగ్గురు పిల్లలు మతవిశ్వాసముచేత జాతీయగీతము పాడక, మర్యాదతో లేచి నిలుచుచుండిరి. పాఠశాలనుండి వారిని తొలగింపగా, ఆ తొలగింపు చెల్లదని కోర్టు తీర్మానించినది. తీర్పు వ్రాసినవారు తెలుగువారగు న్యాయమూర్తి ఓ. చిన్నపరెడ్డి. నిశ్శబ్దముగా నిలిచియుండుట కూడ గౌరవమేనని ఆ తీర్పు సారము. 2017లో బధిరులకొరకు సంజ్ఞాభాషలో జాతీయగీతము వెలువడినది. పాడనివాడును, పాడలేనివాడును, చేతులతో పాడువాడును ఈ గీతమున భాగస్వాములే. ఇందరికి చోటిచ్చిన గీతమున ఒక్క గాయకుని ప్రదర్శనకు మాత్రము చోటు తక్కువగుట న్యాయమే.

విజయవేదికమీద దీని విలువ మరింత స్పష్టమగును. 2019 ఆగస్టు 25న స్విట్జర్లండులోని బాసెల్ నగరమున పి. వి. సింధు ప్రపంచ విజేతయై నిలిచినప్పుడు, పతాకము పైకెగయ, గీతము వినబడ, ఆమె కన్నీరాపుకొనలేకపోయెను. 2022 మే 19న ఇస్తాంబుల్ నగరమున బాక్సింగులో ప్రపంచ విజేతయైన నిఖత్ జరీన్ నిజామాబాదు బిడ్డ. నేటి కామారెడ్డి జిల్లా 2016 అక్టోబరు 11 వరకు ఆ నిజామాబాదు జిల్లాలోనిదే. అట్టి వేదికలమీద గాయకుడుండడు. గాయకుని ప్రతిభ యుండదు. వినబడునది వట్టి బాణీ. ఆ వట్టి బాణీ చాలును. ఎందుచేత? చిన్ననాడు పాఠశాల ముంగిట వేలసారులు పాడిన బాణీయే అది గనుక. ఊరిలో ఒక తీరున, పట్టణమున ఒక తీరున, గాయకుడు మారినప్పుడెల్ల ఒక తీరున పాడియుండినచో, పరదేశమున ఆ మొదటి స్వరము వినబడినంతనే గుండె గుర్తుపట్టి యుండెడిదా?

ఉపాధ్యాయులకు కొన్ని సూచనలు

మంచి గొంతు గల పిల్లను నిరుత్సాహపరచక ఈ మర్యాదను నిలుపుట ఉపాధ్యాయుని నేర్పు. మొదటిది, శ్రుతి నిర్ణయము. పాడు పిల్లకు అనువగు శ్రుతి కాదు, పాడలేని పిల్లలకు కూడ అందు శ్రుతి ఎంచవలెను. కడపటి జయఘోష అందరి గొంతునకు అందునా లేదా యని ముందుగా చూచుకొన్నచో చాలును. రెండవది, ఆ పిల్లకు నాయకత్వ భారమును వివరించుట. నీవు పాడుట గొప్పకాదు, నీవలన ఐదువందలమంది శ్రుతి తప్పక పాడుట గొప్ప యని చెప్పినచో, తెలివిగల పిల్ల దానిని శిక్షగా గాక పదవిగా భావించును. మూడవది, ఒక్కరి చేతికి మైకు ఇచ్చుటకు బదులు నలుగురైదుగురు పిల్లలను కలిపి నిలుపుట. వారిలో ఒక పాఠశాలవారే గాక పోటీకి వచ్చిన జట్లన్నిటివారును ఉండిన మరియు మేలు.

నాలుగవది అన్నిటికంటె ముఖ్యము. ఆ పిల్ల కళకు వేరొక చోటు చూపవలెను. క్రీడోత్సవపు సాయంకాలమున బహుమతి ప్రదానమునకు ముందు ఒక కీర్తనయో, జానపదగేయమో, ఆమె స్వయముగా కూర్చుకొన్న బాణీయో పాడనిండు. అప్పుడు గమకములు వేయనిండు, స్థాయి పెంచనిండు, చప్పట్లు కొట్టనిండు. ఉదయమున తన గొంతును అందరికి అప్పగించిన పిల్లకు సాయంకాలము అందరును తమ చెవులను అప్పగించుట న్యాయమైన వినిమయము. మనోధర్మమునకు వేళ వేరు, నిబంధనకు వేళ వేరు అని ఆ ఒక్క దినమున పిల్ల గ్రహించినచో, సంగీతపాఠమును పౌరధర్మపాఠమును ఒక్కసారియే నేర్చినదగును.

కబడ్డీ ఆటలో కూత పట్టినవాడు ఒంటరిగానే గీత దాటును. ఆ సమయమున అతని తెగువ, అతని ఊపిరి, అతని నైపుణ్యము అతనివే. వాని నెంత ప్రదర్శించిన అంత మెప్పు. ఆటలో ప్రతివాడును తన ప్రత్యేకతను చూపుటకు పగలంతయు కలదు. ఆట మొదలగుటకు ముందు, రెండు జట్లును ఒక్క జట్టుగా నిలుచు వేళ 52 సెకనులు మాత్రమే. ఆ కొద్ది సేపును ఏ ఒక్కరి పేరను వ్రాయక, అందరి పేరనే ఉండనిత్తము.